వంకర రాడ్డు

వంకరగా ఉన్న వస్తువుకి తిన్నగా ఉన్నదానికన్న ఖరీదెక్కువని నాకు నలభై తొమ్మిదో ఏటిదాకా తెలియదు. కొడవలి వంకర, విల్లు వంకర, కుక్కతోక వంకర – వీటి సంగతి చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. కాని స్నానాలగదిలో పరదా తగిలించుకునే రాడ్డు కూడా వంకరగా ఉంటుందనీ, ఆ వంకరకి వేరే వెల కట్టి పుచ్చుకుంటారనీ తెలుసుకోవడానికి మొన్నటి వేసంగి రావలసివచ్చింది. ఆ రాడ్డు కొని తెచ్చి, గోడకి బిగించి, ఊడబెరికి, మళ్లీ బిగించేటప్పటికి నాకు గోడల గురించీ, మా బాపు గురించీ కొన్ని కొత్త సంగతులు తెలిశాయి. వాటిలో మీకు పనికివచ్చేవి కూడా ఉండవచ్చుననే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మాది గోదావరిఖని. పేరులో ఉన్నట్టే ఒకపక్క గోదావరి, కాళ్లకింద గని. అయితే ఇక్కడ గనిని గని అనరు, బాయి అంటారు. ‘బాపు బాయికి పోయిండు’ అంటే నీళ్లబావికి కాదు, బొగ్గుబాయికి అని చంటిపిల్లలకి కూడా తెలుసు. 1871లో ఇల్లెందు దాపున కింగు అనే భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గు కనిపెట్టడం, 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ ఏర్పడటం, ఆ పక్కనే ఉన్న సింగరేణి అనే పల్లె పేరు చివరికి కంపెనీ పేరైపోవడం – ఇదంతా పెద్ద చరిత్ర. మా ఇంటి చరిత్ర 1970లో మొదలయింది. ఆ ఏడు మా బాపు మంథని పక్క పల్లెనుంచి ఒక సంచీ, ఒక దుప్పటీ పట్టుకువచ్చి తట్ట చెమ్మస్ పనిలో చేరాడు. బొగ్గు తట్టలకెత్తి టబ్బుల్లో పొయ్యడం ఆ పని. తరవాత కొన్నేళ్లకి, లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబరుమన్ అయ్యాడు. 2008లో రిటైరయేదాకా ఆయన ఉద్యోగం ఒక్కటే – నెత్తిమీద ఉన్నది నెత్తిమీదే ఉండేలా చూడటం.

బొగ్గుబాయి ఊళ్లో స్నానం అంటే మడి కోసమో, పూజ కోసమో చేసేది కాదు. నల్లబడ్డ మనిషిని మళ్లీ ఇంటి మనిషిని చెయ్యడం. షిఫ్టు దిగి వచ్చినవాడికి కళ్లూ పళ్లూ తప్ప ఇంకేమీ కనిపించవు. అందుకే 1959లో బొగ్గుగనుల దగ్గరే షవరు స్నానాల గదులుండాలని ప్రత్యేకంగా నియమాలు చేశారు. నియమాల మాట ఎలా ఉన్నా, బాపుది మాత్రం ఎప్పుడూ ఇంటి స్నానమే. క్వార్టరు వెనక గోళెం నిండా నీళ్లు, పక్కన ఒక పెద్ద బండ. మా అవ్వ వీపు రుద్దేది. మొదటి చెంబు నీళ్లు సిరాలాగా, అయిదో చెంబు బూడిదలాగా, పదో చెంబు నీళ్లలాగా పారేవి. ఆ నీళ్లు తేటపడేదాకా మేం పిల్లలం ఆయన్ని పలకరించేవాళ్లం కాదు. తరవాతే ఆయన మా బాపు అయ్యేవాడు.

ఇప్పుడు ఆ క్వార్టరు లేదు, గోళెం లేదు. వీపు రుద్దే అవ్వ కూడా లేదు, ఆవిడ పోయి ఆరేళ్లయింది. మేం సొంత ఇల్లు కట్టుకున్నాం. అందులో 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడుగు ఉన్న స్నానాలగది. గోడలకి నడుంపైదాకా కాదు, ఏకంగా కప్పుదాకా టైల్సు. ఆ చివర షవరు, ఈ చివర కమోడు. గృహప్రవేశంనాడు వచ్చినవాళ్లంతా ముందు దేవుణ్ణి చూసి, తరవాత ఆ గదిని చూసి మెచ్చుకుని వెళ్లారు.

ఆ మెచ్చుకోలు మొన్నటి మాఘమాసంలో చేదయింది. షవరు కింద మనవడు స్నానం చేసి వచ్చాడు. నీళ్లు గదంతా చిందాయి. వాడి వెనకాలే బాపు లోపలికి వెళ్లాడు. దబ్బుమని చప్పుడయింది. నేనూ, మా ఆవిడా పరుగెత్తి వెళ్లేసరికి ఆయన కమోడు పక్కన కూచుని ఉన్నాడు, ఒక చెయ్యి నల్లా మీద ఉంది. డెబ్బై ఆరేళ్ల మనిషి. ఎముక విరగలేదని డాక్టరు చెప్పాడు గాని తుంటి దగ్గర అరచెయ్యంత మేర నల్లగా కమిలిపోయింది.

“ముప్పై ఎనిమిదేండ్లు బాయిల దిగి ఎక్కిన. ఏడ పడలే. గీ నున్నటి బండ మీద పడితినా!” అన్నాడు బాపు. నొప్పికన్న ఆ మాటే ఆయనకి ఎక్కువ బాధగా ఉన్నట్టు కనిపించింది.

ఆ రోజునుంచి మా ఆవిడ ఒక కట్టడి పెట్టింది. ఆయన స్నానం చేస్తున్నంతసేపూ తలుపు గడియ పెట్టకూడదు, మనవడు తలుపు బయట నిలబడాలి. న్యాయమైన కట్టడే. కాని పెద్దవాడి మనసు వేరుగా ఉంటుంది కదా! రోజుకి రెండుసార్లు స్నానం చేసే మనిషి ఒకసారికి దిగాడు. తరవాత ‘ఇయ్యాల సలిగున్నది’ అన్నాడు. ఇంకొన్నాళ్లకి ఎండలు 45 డిగ్రీలకి చేరాయి. రామగుండం ఎండ ఎలా ఉంటుందో ఎరిగినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆ ఎండల్లో కూడా ‘ఇయ్యాల సలిగున్నది’ అనే అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, చలి ఒంటికి కాదని.

గది తడవకుండా ఉంటే ఆయన జారడు. జారకపోతే తలుపు బయట కాపలా అక్కర్లేదు. ఇదీ నా లెక్క. అద్దం గోడ పెట్టించవచ్చు గాని దాని ఖరీదు నా జీతానికి అందదు. పైగా అద్దం అంటే మా ఆవిడకి భయం. అంచేత షవరుకీ, కమోడుకీ మధ్య పరదా కట్టడం ఖాయం చేశాను. లక్ష్మీనగర్‌లో ఒక తిన్నని స్ప్రింగు రాడ్డు, ఒక ప్లాస్టిక్ పరదా కొని తెచ్చాను. ఆ రాడ్డుకి మేకులూ స్క్రూలూ అక్కర్లేదు. రెండు గోడల మధ్య పెట్టి తిప్పితే బిగుసుకుని నిలబడుతుంది. పది నిమిషాల్లో పని అయిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు బాపు స్నానం చేసి బయటికి వచ్చి, “ఒరే, ఆ పరదా కాళ్లకు సుట్టుకుంటున్నదిరా. ఎవలో పట్టుకున్నట్టున్నది” అన్నాడు.

నేను నమ్మలేదు. నేను కూడా వెళ్లి షవరు తిప్పి చూశాను. నిజమే! ఎవరూ తాకకుండానే పరదా లోపలికి ఉబ్బి, తడిచేత్తో తాకినట్టు పిక్కలకి అంటుకుంటోంది. కాలితో తోస్తే వెళుతుంది, మళ్లీ వస్తుంది. కాళ్లు తడబడే ముసలివాడికి ఇది జారే బండకన్న ప్రమాదం.

ఈ పరదాకి ఈ పాడు బుద్ధి ఎందుకు పుట్టిందా అని వెతికితే, అది మా ఇంటి పరదా ఒక్కదానికే కాదు, ప్రపంచంలోని పరదాలన్నిటికీ ఉందని తేలింది. వేడినీళ్ల ఆవిరి పైకి లేస్తే కిందనుంచి చల్లగాలి వచ్చి పరదాని తోస్తుందని పూర్వం అనుకునేవారట. మరి చన్నీళ్లకి కూడా అంటుకుంటుందే! మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ష్మిట్ అనే ఆయన కంప్యూటరు మీద లెక్క కట్టి చూశాడు. షవరు జల్లు తనతోపాటు గాలిని కూడా లాక్కుపోయి, అడ్డంగా పడుకోబెట్టిన సుడిగాలిలా తిప్పుతుందిట. సుడి నడిమధ్యన గాలి ఒత్తిడి తక్కువ. దాంతో బయటి గాలి పరదాని లోపలికి నెడుతుంది. ముందు నవ్వించి, తరవాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతిని 2001లో ఆయనకి ఇచ్చారు. మా బాపు ఆ కంప్యూటరు లేకుండానే ఒక్క స్నానంలో సగం సంగతి కనిపెట్టాడన్నమాట.

రోగం తెలిశాక మందు గుర్తుకు వచ్చింది. మా మేనల్లుడి పెళ్లికి హైదరాబాదు వెళ్లినప్పుడు ఒక హోటల్లో దిగాం. అక్కడ పరదా రాడ్డు ఇంద్రధనుస్సులా బయటికి వంగి ఉంది. అప్పుడు ‘బరువుకి వంగిపోయింది కాబోలు, వీళ్లు మార్చలేదు’ అనుకున్నాను. ఇప్పుడు అర్థమయింది. రెండు కొసలూ గోడల దగ్గర ఎక్కడివక్కడే ఉంటాయి, నడుమ మాత్రం అయిదారంగుళాలు బయటికి ఉబుకుతుంది. గది పెరగదు, మోచేతులకి చోటు పెరుగుతుంది. పరదా ఉబ్బినా మనిషిదాకా రాదు.

మళ్లీ లక్ష్మీనగర్ వెళ్లాను. “వంకర రాడ్డు కావాలయ్యా” అన్నాను.

దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, “వంకరదా సార్? లారీల వంగిపోయినవి రెండున్నయి. సగం ధరకిస్త, తీస్కపోతరా?” అన్నాడు.

నేను బొమ్మ గీసి చూపించాను. ఆయన చాలా సేపు చూసి, ఇది రాడ్డు కాదు, విల్లు అన్నాడు. చివరికి మావాడు ఫోనులో వెతికి 1,850 రూపాయలకి తెప్పించాడు. అయిదోనాడు పొడుగాటి అట్టపెట్టె వచ్చింది. లోపల రెండు ముక్కలుగా స్టీలు రాడ్డు, గోడకి బిగించే రెండు బిళ్లలు, ఎనిమిది స్క్రూలు, ప్లగ్గులు, ఒక బొమ్మల కాగితం. మా ఆవిడ దాన్ని చేత్తో పట్టుకుని, “ఇంతకీ దీన్ని విరిస్తే సీతను ఇస్తరా?” అంది.

తిన్నని రాడ్డు ఒత్తిడిమీద నిలబడుతుంది. వంకరదానికి ఆ సుఖం లేదు. బరువంతా ముందుకి ఉంటుంది కనుక కిందికి తిరగబడాలని చూస్తుంది. దాన్ని గోడకి స్క్రూలతో బిగించితీరాలి. ఆదివారం పూట డ్రిల్లు మిషను అరువు తెచ్చాను. పరదా పొడుగు 6 అడుగులు, రింగులు మరో రెండంగుళాలు, కింద నేలకి ఒక అంగుళం వదలాలి. అంటే రాడ్డు 6 అడుగుల 3 అంగుళాల ఎత్తులో ఉండాలి. రెండు గోడల మీదా గుర్తులు పెట్టి, రసమట్టం పెట్టి చూశాను. టైలు మీద డ్రిల్లు జారకుండా ప్లాస్టరు పట్టీ అంటించాను.

బాపు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూచున్నాడు. కాసేపు చూసి లేచి వచ్చాడు. చెంచా తిరగేసి దాని కాడతో ఎడమ గోడమీద గుర్తు దగ్గర కొట్టాడు. టంగుమంది. కుడి గోడమీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. రెండో అరచెయ్యి గోడకి ఆనించి మూడోసారి కొట్టాడు.

“ఈడ వద్దురా. డప్పు పలుకుతున్నది” అన్నాడు.

నాకు రెండు చప్పుళ్లూ ఒక్కలాగే వినిపించాయి. పైగా ఆ గుర్తు జరిపితే ఈ గుర్తు జరపాలి, మళ్లీ కొలవాలి. “బాపూ, ఇది బాయి కాదు, బాత్రూం” అన్నాను నవ్వుతూ. మా అబ్బాయి కూడా నవ్వాడు. బాపు ఏమీ అనలేదు. చెంచా తీసుకుని వెళ్లి కుర్చీలో కూచున్నాడు.

గంటలో పని ముగించాను. కొత్త పరదా, మధ్యలో ముందుకి పొంగి, పెళ్లిపందిట్లో తెరసెల్లాలాగా ఉంది. ఇంటిల్లిపాదీ వచ్చి చూశారు. పక్కింటివాళ్లని కూడా పిలుద్దామా అన్నాను. అప్పుడు బాపు కూచున్నచోటినుంచే, “ఒకసారి గుంజి సూడు” అన్నాడు.

పెద్దాయన మాట కాదనలేక గుంజాను. గట్టిగా కూడా కాదు, కాలు జారినవాడు ఆసరాకి పట్టుకునేటంత. కుడిపక్క బిళ్ల స్క్రూలతో సహా, సగం టైలుతో సహా ఊడి వచ్చి నా కాళ్లముందు పడింది. పగిలినచోట చూస్తే లోపల గోడ కనిపించలేదు, సందు కనిపించింది. టైలు వెనక సిమెంటు నిండుగా పుయ్యకుండా నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అతికించారు. నడుమంతా గాలి. నా ప్లగ్గులు గోడదాకా పోనేలేదు, టైలునే పట్టుకుని వేలాడుతున్నాయి.

ఎవరూ మాట్లాడలేదు. నాకు మాత్రం ఒకటే కనిపించింది. ఈ గుంజింది నేను కాక, మర్నాడు పొద్దున బాపు అయి ఉంటే?

ఆ సాయంత్రం ఆయన దగ్గర కూచుని, “నీకెట్ల తెలిసింది?” అని అడిగాను. బాయి సంగతులు ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పేవాడు కాదు. ఆ రోజు చెప్పాడు.

“పనిల చేరినంక నాకు మొదలు నేర్పింది దుంగ పెట్టుడు గాదు, కొట్టి ఇనుడు. కర్రతోని పైకప్పును కొట్టాలె. మంచి కప్పు గంట తీరు పలుకుతది. లోపల పొర ఇడిసిందనుకో, డప్పు తీరు పలుకుతది. చెవుకు తెల్వకపోతె రెండో చెయ్యి ఆనిచ్చి సూడాలె, చేతికి అదురు తెలుస్తది. ఒకసారి రాత్రి షిఫ్టుల అంతా మంచిగనే కనిపిస్తున్నది. పగులు లేదు, మట్టి రాలుత లేదు. కొట్టిన. డప్పు పలికింది. నలుగురిని ఎనుకకు రమ్మన్న. ఒకడు ‘తాత భయపడ్డడు’ అని నవ్విండు. గప్పుడు నాకు నలభై ఏండ్లు గూడ లెవ్వు. బీడీ తాగేటంత సేపు గూడ కాలే, మంచమంత బండ ఊడి పడ్డది. ఆ నవ్వినోడు మూడు దినాలు నాతోని మాట్లాడలే. నాలుగో దినం ఇంటికి చాపలు తెచ్చిండు.”

కాసేపాగి మళ్లీ అన్నాడు. “కనవడుతున్న పగులు మనిషిని చంపదురా. దాన్ని చూసి పక్కకు పోతం. మంచిగ కనవడి, లోపల డొల్ల ఉన్నదే చంపుతది.”

మర్నాడు నేను సెలవు పెట్టాను. బాపు చెంచా పుచ్చుకుని ఆ గది గోడలు నాలుగూ జానెడు జానెడు కొట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట సుద్దముక్కతో సున్న, డొల్లగా ఉన్నచోట ఇంటూ గుర్తు. గనిలో తనిఖీ చేసినవాళ్లు సుద్దతో తేదీ, పొడి అక్షరాలు రాసివెళ్లే అలవాటు ఉంది. బాపు కూడా మూల మీద ఆనాటి తేదీ వేశాడు. గది అంతా చూస్తే సున్నలకన్న ఇంటూలే కొంచెం ఎక్కువ. గృహప్రవేశంనాడు అందరూ మెచ్చుకున్న గోడలివే.

పగిలిన టైలు మార్పించి, వెనక సందు సిమెంటుతో నింపించాం. నాలుగంగుళాలు ముందుకి జరిపి, సున్న ఉన్నచోట రంధ్రాలు వేశాం. టైలు దాటేదాకా హ్యామరు మీట వెయ్యకుండా మెల్లగా, ఆ తరవాత ఇటుకలోకి లోతుగా. ఈసారి ప్లగ్గు పొడుగాటిది, గోడలోకి దిగింది. గుంజి చూశాను, కదల్లేదు. “ఇప్పుడు నువ్వు దీన్ని ధైర్యంగా పట్టుకోవచ్చు బాపూ” అన్నాను.

“పట్టుకోను” అన్నాడాయన. “ఇది పరదాను మోసేటిది. మనిషిని మోసేటిది వేరే పెట్టు.”

ఈ ఒక్క మాట కోసమే ఈ కథంతా చెప్పాను. రాడ్డు ఎంత గట్టిగా బిగించినా అది బట్టకోసం చేసిన వస్తువే. కాని కాలు జారిన మనిషి చెయ్యికి ఆ తేడా తెలియదు, ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. అసలు ఏమీ లేనిచోట జాగ్రత్తగా నడుస్తాం. ఆసరాలాగా కనిపించేది ఉన్నచోట ధీమాగా నడుస్తాం. అంచేత ముసలివాళ్లున్న ఇంట్లో పరదా రాడ్డు పెట్టేవాళ్లు, ఆ పక్కనే నిజమైన చేతిపిడి కూడా పెట్టితీరాలి. అమెరికాలో వికలాంగుల సౌకర్యాల నియమాల ప్రకారం అలాంటి పిడి నేలనుంచి 33, 36 అంగుళాల మధ్య ఎత్తులో ఉండాలి, 250 పౌండ్ల బరువుకి నిలబడాలి. అంటే మన లెక్కలో సుమారు 113 కిలోలు. మేం రెండు పిడులు తెప్పించి, సున్న గుర్తులున్న ఇటుకగోడకి బోల్టులతో బిగించాం. బాపు ఊరుకోలేదు, నన్ను పట్టుకుని వేలాడమన్నాడు. నా బరువు 82 కిలోలు. కోతిలా వేలాడాను. మా ఆవిడ తలుపు చాటున నవ్వింది. బాపు నవ్వలేదు. ఆయన పిడిని చూడటం లేదు, గోడని చూస్తున్నాడు.

తలుపు బయట కాపలా ఎత్తేశాం. బాపు మళ్లీ రోజుకి రెండు స్నానాలు చేస్తున్నాడు. పరదా కాళ్లకి చుట్టుకోవడం లేదు. కమోడువైపు నేల పొడిగా ఉంటోంది. గోడమీది సుద్దగుర్తులు నీళ్లకి ఎప్పుడో కొట్టుకుపోయాయి.

గుర్తులు పోయినా ఆయన అలవాటు పోలేదు. లోపలికి వెళ్లి గడియ పెట్టుకోగానే నీళ్లచప్పుడు రాదు. ముందు టంగు, టంగు, టంగుమని మూడు దెబ్బలు వినిపిస్తాయి. ఆ చెంచా ఇప్పుడు సబ్బుపెట్టె పక్కనే ఉంటోంది. వంటింట్లో చెంచా తక్కువయిందని మా ఆవిడ ఇంతవరకూ ఒక్కమాట అనలేదు.

నేను కూడా ఆ మూడు దెబ్బలూ విన్నాకే పేపరు చేతిలోకి తీసుకుంటాను. ఇప్పుడిప్పుడే నాకూ గంటకీ డప్పుకీ తేడా తెలుస్తోంది.